కొరడా ఎవరి చేతిలో? కార్టూన్లలో అంబేడ్కర్

1949 ఆగస్టు 28న ‘శంకర్స్ వీక్లీ’లో ఒక కార్టూన్ వచ్చింది. అందులో రాజ్యాంగం ఒక నత్త. దాని మీద డాక్టర్ అంబేడ్కర్ కొరడా పట్టుకుని కూర్చున్నారు. వెనక నెహ్రూ ఇంకో కొరడా ఎత్తి నిలబడ్డారు. చుట్టూ జనం వేడుక చూస్తున్నారు. అరవై మూడేళ్ల తర్వాత ఈ బొమ్మ మీదే పార్లమెంటులో గొడవ జరిగింది.

2006లో ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి రాజనీతిశాస్త్ర పుస్తకంలో ఈ బొమ్మను చేర్చింది. 2012 మేలో తమిళనాడు ఎంపీ తిరుమావళవన్ తదితరులు అభ్యంతరం చెప్పగానే ప్రభుత్వం దాన్ని తీసేస్తామంది. పుస్తకానికి ముఖ్య సలహాదారులైన యోగేంద్ర యాదవ్, సుహాస్ పల్షీకర్ రాజీనామా చేశారు. పుణేలో పల్షీకర్ కార్యాలయంపై దాడి జరిగింది. ఆ దాడిని సమర్థించనక్కర్లేదు. అయితే ఆ తర్వాత చర్చంతా భావప్రకటనా స్వేచ్ఛ చుట్టూనే తిరిగింది. నెహ్రూ కొరడా నత్త మీదికే గానీ అంబేడ్కర్ మీదికి కాదన్నారు. దళితులకు హాస్యం అర్థం కాదన్నారు. ఆ పేజీ చూసి పక్క బెంచీవాళ్లు నవ్వుతుంటే తలదించుకునే పిల్ల గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. కొరడా అందరికీ ఒకేలా ఉపమానం కాదు. కొన్ని ఇళ్లలో అది తాతల ఒంటి మీది మచ్చ.

అసలు ‘నత్తనడక’ అన్న ఆరోపణే నిలబడదు. ముసాయిదాకు 7,635 సవరణలు ప్రతిపాదించారు, వాటిలో 2,473 సభ ముందుకు వచ్చాయి. 1949 నవంబర్ 25 ప్రసంగంలో అంబేడ్కర్ స్వయంగా అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా రాజ్యాంగాలకు పట్టిన కాలంతో పోల్చి జవాబు చెప్పారు. విద్యార్థులు బొమ్మ పక్కన ఈ ప్రసంగం కూడా చదవాలి.

వివాదం చల్లారాక అసలు పని చేసింది ఒక తెలుగు కార్టూనిస్టు. విజయవాడలో పెరిగిన ఉన్నమటి శ్యామ్ సుందర్, ఆంగ్ల పత్రికలు అంబేడ్కర్‌ను ఎలా గీశాయో పాత సంచికలన్నీ తిరగేసి చూశాడు. 1932 నుంచి 1956 వరకు వచ్చిన వందకు పైగా కార్టూన్లను ‘నో లాఫింగ్ మ్యాటర్’ పేరుతో 2019లో నవయాన ప్రచురించింది. విడిగా చూస్తే ఒక్కో బొమ్మా ఒక జోకు. వరసగా పేర్చి చూస్తే ఒక అలవాటు బయటపడుతుంది. గాంధీ, నెహ్రూల పక్కన ఆయన్ని పొట్టిగా, చిన్నపిల్లాడిలా గీశారు. గీసినవాళ్లలో పేరున్న ఉదారవాదులే ఎక్కువ. వెక్కిరింతకు ద్వేషమే ఉండక్కర్లేదు, ఇంట్లో నేర్చుకున్న చూపు చాలు.

పిల్లల బొమ్మల పుస్తకాల్లో మార్పు ఆలస్యంగా వచ్చింది. 1967లో మొదలైన అమర్ చిత్ర కథ దేవుళ్ల, రాజుల కథలతో నడిచింది. అంబేడ్కర్ సంచిక 1979లో వచ్చింది. అందులో ఆయన కూడా కష్టపడి పైకొచ్చిన ఒక మహాపురుషుడి చట్రంలోనే ఉంటాడు. 2011లో వచ్చిన ‘భీమాయణ’ ఆ చట్రాన్నే వదిలేసింది. గీసినవాళ్లు పర్ధాన్ గోండు కళాకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్. మనుషుల్ని గళ్లలో బంధించడం వాళ్లకు ఇష్టం లేకపోయింది. అందుకే పేజీలను తమ ఇళ్ల గోడల మీద వేసే దిగ్న ముగ్గుల వంపులతో విభజించారు. దాహంతో ఉన్న చిన్న భీమ్ ఒళ్లు చేపలా మారుతుంది. మంచి మాటలు పిట్ట ఆకారపు బుడగల్లో వస్తే, కులవిషం కక్కే మాటల బుడగలకు తేలు కొండి ఉంటుంది. కొరడా గీయకుండానే దెబ్బ ఎలా చూపించవచ్చో ఈ పుస్తకం చూస్తే తెలుస్తుంది. అదే ఏడాది ఫూలే ‘గులాంగిరి’ ఆధారంగా ‘ఎ గార్డెనర్ ఇన్ ది వేస్ట్‌ల్యాండ్’ కూడా వచ్చింది.

ఇప్పుడు ఎడిటర్ అనుమతి అక్కర్లేదు. ఏప్రిల్ 14 వచ్చిందంటే ఫోన్ల నిండా నీలం కోటు బొమ్మలే. వాటిలో పటానికి దండ వేసే రకమే ఎక్కువని ఒప్పుకోవాలి. అయినా గీసే చెయ్యి మారింది.

శ్యామ్ సుందర్ పద్ధతి మన దగ్గర ఇంకా చాలా చోట్ల పనికొస్తుంది. పరిశోధక విద్యార్థులు 1990 మండల్ రోజుల తెలుగు దినపత్రికలతో మొదలుపెట్టవచ్చు. రిజర్వేషన్ల మీద వచ్చిన ప్రతి కార్టూన్‌లో ఎవరిని లావుగా గీశారు, ఎవరిని బక్కగా గీశారు, ఎవరికి కళ్లద్దాలు పెట్టారు, ఎవరికి చిరిగిన చొక్కా తొడిగారు అన్నది తేదీలవారీగా రాసుకుంటే చాలు.