తంబళ్లపల్లె ప్రాంతంలో ఉష్ణోగ్రత, వర్షపాతాల దీర్ఘకాలిక ధోరణులు

ఒక ఏడాది వానలు వెనుకబడినంత మాత్రాన శీతోష్ణస్థితి మారినట్లు కాదు. ఒక ఏడాది చెరువులు నిండినంత మాత్రాన కరువు భయం తొలగినట్లూ కాదు. ఒక ప్రాంతపు శీతోష్ణస్థితిని నిర్ధారించడానికి 30 సంవత్సరాల నమోదులను ప్రపంచ వాతావరణ సంస్థ ప్రమాణంగా నిర్దేశించింది. వేరుశనగ, టమాట సాగుపై ఆధారపడిన తంబళ్లపల్లె, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల రైతాంగానికి ఈ అవగాహన ఎంతో అవసరం.

భౌగోళిక పరిస్థితి

ఈ ప్రాంతం పీఠభూమిపై ఉన్నందున ఇక్కడి వేసవి తాపం తిరుపతి వంటి పల్లపు ప్రాంతాల కంటే తక్కువ. మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరంలో 1915లో క్షయవ్యాధి చికిత్సాలయం ప్రారంభమైంది. భారత వాతావరణ శాఖ పరిశీలనలు నమోదయ్యే కేంద్రాల్లో ఆరోగ్యవరం కూడా ఒకటి. నైరుతి రుతుపవనాలకు పడమటి కనుమలు అడ్డుగా ఉండడం, ఈశాన్య రుతుపవనాల వర్షం తీరానికి దూరమయ్యే కొద్దీ తగ్గడం వల్ల ఈ మండలాలు తరచుగా వర్షాభావానికి లోనవుతున్నాయి.

సగటును సరిగా చూడాలి

అవిభక్త చిత్తూరు జిల్లా సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 934 మిల్లీమీటర్లు. తూర్పు మండలాల అధిక వర్షం కూడా ఇందులో కలిసి ఉన్నందున ఈ సగటు తంబళ్లపల్లెకు వర్తించదు. 2022 ఏప్రిల్ 4న తంబళ్లపల్లె కొత్తగా ఏర్పడిన అన్నమయ్య జిల్లాలో చేరింది. కావున పాత, కొత్త జిల్లాల సగటులను పోల్చి ధోరణిని నిర్ణయించరాదు. మండల వర్షమాపక నమోదులే ఇందుకు ఆధారం.

ఏ కాలపు సగటుతో పోలుస్తున్నామో కూడా గమనించాలి. దేశవ్యాప్త నైరుతి వర్షపాత సగటు 1961-2010 కాలానికి 880.6 మిల్లీమీటర్లు కాగా, 1971-2020 కాలానికి 868.6 మిల్లీమీటర్లు. సగటు తగ్గితే, అంతే వర్షానికి లోటు శాతం తక్కువగా కనిపిస్తుంది. సగటు కంటే 20 నుండి 59 శాతం తక్కువ కురిస్తే వాతావరణ శాఖ దానిని లోటు వర్షపాతంగా పరిగణిస్తుంది.

దేశవ్యాప్త ధోరణులు

కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో వెలువరించిన అంచనా ప్రకారం 1901-2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. 1951-2015 మధ్య వేసవి రుతుపవన వర్షపాతం సుమారు 6 శాతం తగ్గింది.

మొత్తం కాదు, పంపిణీ ముఖ్యం

2.5 మిల్లీమీటర్లు, ఆపైన వర్షం కురిసిన రోజును వర్షపు దినంగా లెక్కిస్తారు. ఉదాహరణకు, 600 మిల్లీమీటర్ల వర్షం 40 రోజుల్లో కురిస్తే పైరుకు అందుతుంది. అదే 20 రోజుల్లో కురిస్తే అధిక భాగం వాగుల పాలవుతుంది. వేరుశనగ ఊడలు దిగే దశలో బెట్ట ఏర్పడితే తరువాత కురిసే వర్షం ఆ నష్టాన్ని పూర్తిగా పూడ్చలేదు. 2021 నవంబరులో కుండపోత వర్షాలకు చెయ్యేరుపై అన్నమయ్య జలాశయం కట్ట తెగి ప్రాణనష్టం సంభవించింది. అటువంటి ఏడాది వార్షిక మొత్తం అధికంగా కనిపించినా, ఖరీఫ్ పైరుకు సకాలంలో నీరు అందినట్లు భావించరాదు.

కావున వార్షిక వర్షపాతంతో పాటు వర్షపు దినాల సంఖ్య, వర్షాల మధ్య విరామం, పగటి గరిష్ఠ, రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రతలను ఏటేటా పరిశీలించాలి. పంటల ఎంపిక, చెరువుల పూడికతీత, కరువు మండలాల గుర్తింపు వంటి నిర్ణయాలకు ఈ నమోదులే మూలాధారం.