కజకుల స్వాతంత్ర్యదినము



మధ్య ఆసియాయందలి కజకుస్థానమున ప్రతి సంవత్సరమును డిసెంబరు 16వ తేదీ స్వాతంత్ర్యదినము. అది వారికి పండుగయు, తద్దినమును గూడ. ఈ రెండును ఒకే దినమున నెట్లు కలిసెనో మీకు మనవి చేయుదును.

15వ శతాబ్దమున కెరే, జానిబెక్ అను నిరువురు ప్రభువులు కజకుల రాజ్యమును స్థాపించిరి. ఆ జనులు గుఱ్ఱములను, గొఱ్ఱెలను మేపుకొనుచు గడ్డిమైదానములలో సంచరించెడివారు. 1731లో అబుల్ ఖైర్ ఖాను శత్రుభయముచేత రష్యా సామ్రాజ్ఞి రక్షణలో చేరెను. రక్షకులుగా వచ్చినవారు క్రమముగా నేలకు యజమానులైరి. 1917 డిసెంబరులో అలిహాన్ బుకైహానొవ్ మున్నగు విద్యావంతులు అలాష్ ఓర్దా యను పేర స్వపరిపాలన ప్రకటించిరి. 1920లో బోల్షివిక్కులు దానిని రద్దుచేసిరి. బుకైహానొవ్ 1937లో మాస్కోయందు కాల్చి చంపబడెను.

1930 మొదలు 1933 వఱకు సోవియట్టు ప్రభుత్వము మందలను సమష్టిక్షేత్రములకు తోలించి, ధాన్యమును మాంసమును వసూలుచేసి, సంచారులను బలవంతముగా నొకచోట నిలిపెను. పశువులలో పదింట తొమ్మిదివంతులు నశించెను. సుమారు 15 లక్షలమంది కఱవువాత బడిరి. పశుసంపదయే యింటి భాగ్యమని యెఱిగిన మీకు దీని యర్థము తెలియును.

1986 డిసెంబరు 16న మాస్కో పెద్దలు కజకు నాయకుడగు కునాయెవును తొలగించి, ఆ దేశమున నెన్నడును పనిచేయని కోల్బినును నియమించిరి. మఱునాడు ఆల్మా ఆటా నగరమున యువకులు, విద్యార్థినులు గుమిగూడి యిది తగదనిరి. సైనికులు వారిని కొట్టి చెదరగొట్టిరి. కొందఱు మరణించిరి; పెక్కండ్రు చెఱసాలల పాలైరి.

అయినను 1991 మార్చిలో జరిగిన జనవాక్యసేకరణమున కజకుస్థానమువా రత్యధికసంఖ్యాకులు సోవియట్టు సంఘము నిలువవలెననియే ఓటిచ్చిరి. ఆ సంఘము విచ్ఛిన్నమగుచుండగా, పదునైదు రిపబ్లిక్కులలో కడపట, 1991 డిసెంబరు 16న వారి శాసనసభ స్వాతంత్ర్యశాసనము నంగీకరించెను. కావున నది శ్రమలేక లభించినదని కొందఱందురు. నేనట్లు తలంపను. వెల ముందే చెల్లించి సరకు తరువాత నందుకొన్నవాడు ఉచితముగా బొందెననుట న్యాయముగాదు.

2011లో, ఆ తేదీనాడే, ఝానాఓజెన్ పట్టణమున జీతములకై సమ్మెచేసిన చమురు కార్మికులపై స్వతంత్రరాజ్యపు పోలీసులే కాల్పులు జరిపిరి. పదిమందికి పైగా మరణించిరి. పరాయి పాలన తొలగినంతమాత్రమున న్యాయము దానంతట నిలువదని దీనివలన తెలియుచున్నది.

1990లో సార్వభౌమత్వము ప్రకటించిన అక్టోబరు 25వ తేదీ, 2022 నుండి అచట జాతీయోత్సవమైనది. డిసెంబరు 16 స్మరణదినముగా మిగిలెను. సంబరమునకొక దినము, తీర్చవలసిన ఋణమును తలంచుకొనుట కొక దినము ఏ జాతికైనను అవసరమే యని నా యభిప్రాయము.