గరిసెల గడీలు కాపురాలకు పనికొచ్చేనా?

నర్మెట్ట: గడీ అనగానే దొర నివాసమే గుర్తుకొస్తుంది. నిజానికి అది పెద్ద వ్యవసాయ కేంద్రం కూడా. ధాన్యం నిల్వచేసే గరిసెలు, ఎడ్ల కొట్టాలు, బావి, వెట్టివారు పనిచేసే వాకిలి ఎత్తయిన ప్రహరీ లోపలే ఉండేవి. రాయి, డంగుసున్నంతో గోడలు కట్టి, టేకు దూలాలతో కప్పు వేసేవారు.

పంట చుట్టూ పోరాటం

జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉన్న రోజుల్లో ఈ ప్రాంతంలో విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి ఆధిపత్యం సాగింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు పంటను దక్కించుకునేందుకు దేశ్‌ముఖ్ మనుషులు ప్రయత్నించగా సంఘం కార్యకర్తలు అడ్డుకొని ధాన్యాన్ని ఆమె ఇంటికే చేర్చారు. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపుపై దేశ్‌ముఖ్ మనుషులు జరిపిన కాల్పుల్లో దొడ్డి కొమరయ్య నేలకొరిగారు. అనంతరం సాయుధ పోరాటం ఊరూరా విస్తరించింది. పలువురు దొరలు గడీలు విడిచి పట్టణాలకు తరలిపోయారు.

ఖాళీ అయిన లోగిళ్లు

1950 నాటి కౌలుదారీ చట్టం, 1973 నాటి భూపరిమితి చట్టంతో పెద్ద కమతాలకు హద్దులు ఏర్పడ్డాయి. ధాన్యం రాక తగ్గడంతో గరిసెలు, కొట్టాలకు పని లేకపోయింది. తెలంగాణలో కొన్ని గడీలు పాఠశాలలుగా, కార్యాలయాలుగా మారగా, మరికొన్ని శిథిలమయ్యాయి. కామారెడ్డి జిల్లా దోమకొండ కోటను మాత్రం సంస్థానాధీశుల వారసులు పునరుద్ధరించారు. దానికి 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారం లభించింది.

ఇంగ్లండులో ఇళ్లుగా..

ఇంగ్లండులో పాత ధాన్యపు కొట్టాలను ఇళ్లుగా మార్చుకోవడం సాధారణమే. అక్కడ 2014లో నిబంధనలు సడలించి, పూర్తిస్థాయి అనుమతి లేకుండానే వ్యవసాయ కట్టడాలను పరిమితులకు లోబడి నివాసాలుగా మార్చుకునే వీలు కల్పించారు. తొలుత మూడు ఇళ్ల వరకే ఉన్న పరిమితిని 2024లో పదికి పెంచారు. చారిత్రక కట్టడాల జాబితాలో ఉన్నవాటికి మాత్రం ఈ సడలింపు వర్తించదు.

మరమ్మతులో జాగ్రత్తలు

గడీలను నివాసాలుగా మార్చదలిస్తే ముందుగా దూలాలకు చెదలు పట్టిందేమో పరిశీలించాలి. కప్పు నుంచి నీరు కారకుండా చూడాలి. సున్నపు గోడలపై సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి పోక గోడ దెబ్బతింటుంది. అందువల్ల మళ్లీ సున్నమే వాడాలి.

కట్టడాన్ని కాపాడితే సరిపోదు. ఆ గరిసెలను నింపింది రైతుల, వెట్టివారి రెక్కల కష్టమే. ఎవరు కాపురమున్నా ఆ చరిత్రను తెలిపే ఫలకం ద్వారం వద్ద ఉంటే రాబోయే తరాలకు గడీ పూర్తిగా అర్థమవుతుంది.