బాణపు పదును – సానబట్టిన చేతులు

వీధిలో సాన పట్టే భాయి కేక వినబడగానే మన ఇళ్ళలో కత్తులు, కత్తెరలు బయటికి వస్తాయి. ఆ చక్రం వెనుక ఎంత చరిత్ర వున్నదో మాత్రం మనము తలచుకోము. ఈ సంచికలో ఆ ముచ్చట నాలుగు మాటలు చెప్పుకుందాం.

హాతింతాయి పేరు మన పిల్లలకు కూడా తెలుసు. ఆయన కుమారుడు అదీ (రజి) హిజ్రీ 9లో, అంటే క్రీ.శ. 630 ప్రాంతంలో ఇస్లాం స్వీకరించారు. ఆయనకు వేట అలవాటు. ఈకలు లేని బాణంతో కొట్టిన జంతువు హలాలేనా అని మహాప్రవక్త (స)ను అడిగారు. అల్లాహ్ పేరు చెప్పి వదిలిన బాణం పదునైన మొనతో చీల్చితే తినవచ్చునని, అడ్డంగా తగిలి ఆ దెబ్బకే చచ్చిపోతే తినరాదని ప్రవక్త (స) సెలవిచ్చారు. చూశారా! హలాల్, హరామ్‌ల తేడా ఒక్క ఇనుప అంచు మీద నిలిచింది. మొండి ఆయుధం జంతువుకు బాధ, వేటగానికి నష్టం. అయితే బజారులో, మస్జిదులో బాణాలతో నడిచేవాడు వాటి మొనలను చేత్తో పట్టుకోవాలని కూడా ప్రవక్త (స) ఆదేశించారు. పదును వుండాలి గాని, అది తోటివారికి తగలరాదు.

ఈ పదును తనంతట తాను నిలిచేది కాదు. వెడల్పు ములికికి రెండు అంచులూ సమానంగా అరగాలి. ఒక పక్క ఎక్కువ అరిగితే బాణం దారి తప్పుతుంది. ముందు ఆకురాయి, తరువాత నూనె వేసిన సానరాయి, చివరకు తోలు మీద రుద్దడం. ఆపైన తుప్పు పట్టకుండా పల్చగా నూనె. మన దేశపు సాన చక్రాన్ని లక్కలో కురువిందపు పొడి కలిపి చేసేవారు. ఒకరు పట్టెడ లాగుతూ వుంటే, ఇంకొకరు అంచు పట్టేవారు.

ఈ పనులకు పేర్లు కూడా వుండేవి. విల్లు చేసేవాడు కమాన్‌గర్, బాణాలు చేసేవాడు తీర్‌గర్, మెరుగు పెట్టేవాడు సైఖల్‌గర్. ఇక ఉక్కు సంగతా? నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కును కొనడానికి పారశీక వర్తకులే వచ్చేవారు. 1820ల నాటికి కూడా ఆ వర్తకం సాగుతూ వుండేది.

తుపాకులు వచ్చి బాణాలు పోయాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేటకూ పగ్గాలు పడ్డాయి. అదీ మంచిదే. కాని సాన పట్టే చేతులు మాత్రం ఇంకా వున్నాయి. ఆ దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు చెడగొట్టుకుంటున్నవారు మనవాళ్ళే. బక్రీదుకు ముందు మన కత్తికి పదును పెట్టేది వాళ్ళే కదా! పదును కోరిన ధర్మం, పదును పెట్టేవాణ్ణి మరచిపొమ్మని చెప్పలేదు. వాళ్ళ పిల్లల చదువుకు, వాళ్ళ ఆరోగ్యానికి మన సంఘం ఏమి చేయగలదో ఈ ఏడు కూర్చుని ఆలోచిద్దాం.