విశాఖ రేవున యంత్రమును, కూలివాని జీవనభద్రతయు

1933 అక్టోబరు 7వ తేదీన ‘జలదుర్గ’ యను నౌక విశాఖపట్టణపు నూతన నౌకాశ్రయమున ప్రవేశించినప్పుడు, మధ్యపరగణాల మాంగనీసు రాతికి సముద్రమార్గము లభించెనేగాని, ఆ రాతిని గంపల కెత్తి మోసిన ముఠా కూలీలకు మరునాటి పనియందు హక్కేదియు లభింపలేదు. ఓడ వచ్చిననాడు మేస్త్రీ పిలిచినవానికి కూలి, రానినాడు పస్తు. యంత్రములే కార్మికుని భద్రతను హరించినవని వాదించువారు ఈ పూర్వస్థితిని స్మరింపవలెను.

భద్రతను తెచ్చినది శాసనము. 1948 నాటి డాక్ కార్మికుల ఉపాధి నియంత్రణ చట్టము ననుసరించి 1959లో విశాఖకు ప్రత్యేక పథక మేర్పడగా, రేవు కూలివాని పేరు రిజిస్టరున కెక్కెను. వంతు చొప్పున పనియు, హాజరైనను పని దొరకని దినమునకు కొంత భృతియు వానికి సమకూరెను.

ఆరేండ్లు గడచునంతలో, 1965లో, జపానుకు ఇనుపరాయి నెగుమతి చేయుటకై యాంత్రిక సాధనసంపత్తి యేర్పడినది. వ్యాగనును బొర్లించి రాతిని కుమ్మరించు టిప్లరును, దానిని ఓడదాక కొనిపోవు కన్వేయరు బెల్టును గంపలతోడి మోతను అనావశ్యక మొనర్చినవి. అయినను రిజిస్టరు యంత్రముకంటె ముందు వచ్చుటచే, అందు పేరున్నవాడు ఒక్కసారిగా వీధిపాలు గాలేదు. ఈ పౌర్వాపర్యమే నా దృష్టిలో విశాఖ చరిత్రమందలి ముఖ్యాంశము.

1956లో అమెరికాలో మాల్కమ్ మెక్లీన్ ప్రారంభించిన కంటైనరు రవాణా, 2003లో విశాఖ కంటైనర్ టెర్మినల్ రూపమున ఇచట స్థిరపడెను. బస్తా బస్తాకు చేయి తగులవలసిన సరకు, పెట్టెలో బిగింపబడి, క్రేనునకు వ్రేలాడి దిగజొచ్చెను. ఈలోపల 1997 నాటి చట్టము, ప్రధాన రేవులయందు 1948 చట్టమును నిలిపివేయుటకు మార్గ మొసగెను. రిజిస్టరులోని వారిని, వేతనాదులు తగ్గకుండ, రేవుసంస్థలో చేర్చుకొనవలెనను నియమ మందు కలదు, అది న్యాయమే. కాని ఆ రిజిస్టరును నిర్వహించుచుండిన విశాఖ డాక్ లేబర్ బోర్డు రేవుసంస్థలో విలీనమైన పిమ్మట, క్రొత్తవాని పేరు వ్రాయుటకు ఆ రిజిస్టరే లేకపోయెను.

పారిశ్రామిక వివాదముల చట్టమునకు 1956లో జరిగిన సవరణ, ఉన్నవారిని తొలగింపజేయగల యంత్రమును ప్రవేశపెట్టుటకు ముందు కార్మికులకు నోటీసు నీయవలెనని విధించినది. కాని పదవీవిరమణ చేసినవాని స్థానమును పూరింపకుండుటచే నష్టపోవువానికి ఆ నోటీసు చేరదు. దానిని అందుకొనవలసిన యువకుడింకను కొలువులో చేరియే యుండడు. వాడు నేడు కాంట్రాక్టరు క్రింద అదే రేవున పనిచేయుచున్నాడు. కాంట్రాక్టు గడువుతోడనే వాని పనియు ముగియును. కాంట్రాక్టరు మారినను మారని రిజిస్టరును వాని కొరకు మరల తెరువవలెను.