రంగము పయనమును, అనుమతి పత్రములును

పొట్ట చేతబట్టుకొని సముద్రము దాటిన తెలుగువారికి బర్మా చిరకాలము పరదేశముగా తోచలేదు. తూర్పుతీరపు పల్లెలలో రంగూనును 'రంగము' అనియే వ్యవహరించుచుండిరి. కోరంగి రేవున ఓడలెక్కి వచ్చినవారిని బట్టి బర్మీయులు తెలుగువారికి 'కోరంగీలు' అని పేరిడిరి. 1839 నాటి తుపాను పిదప ఆ రేవు క్షీణించినను పేరు మాత్రము చెరగలేదు. తరువాత కాకినాడ, విశాఖపట్టణము, కళింగపట్టణము మొదలగు రేవులనుండి పొగయోడలు నడచినవి.

బర్మా నాడు బ్రిటిషు ఇండియాలో ఒక రాష్ట్రము. కావున ఓడ టిక్కెట్టు తప్ప వేరొక కాగితముతో పని లేకుండెను. ఆ టిక్కెట్టును సైతము పెక్కుమందికి మేస్త్రీ కొనిపెట్టి, ఆ పైకమును కూలిలో విరుగగొట్టుకొనుచుండెను. లెక్క మేస్త్రీ పుస్తకమున నుండెడిది. కూలివాని చేత చిన్న చీటియైనను ఉండెడిది కాదు. ఈ సంగతి ముందుముందు ఎంత ముప్పు తెచ్చినదో చూడదగును.

1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలకు పైబడిరి. రంగూను నగరమున సగము మందికి మించి వారే. దేశీయులకు ఇది కంటగింపగుట సహజమే. 1930 మే నెలలో రేవున తెలుగు కూలీలు హెచ్చుకూలి కోరి పని మానగా, వారి స్థానమున బర్మీయులను నియమించిరి. తగవు తీరగానే ఆ బర్మీయులను పొమ్మనిరి. దానితో రేగిన కలహమున పెక్కు ప్రాణములు పోయినవి. ఓడల యజమానులు చేసిన పనికి ఇరువైపుల పేదలే బలియైరి.

1937 ఏప్రిల్ 1వ తేదీన బర్మా ఇండియానుండి వేరుపడెను. రాకపోకలు వెంటనే ఆగలేదు గాని, 1941లో ఉభయ ప్రభుత్వములు చేసికొన్న వలస ఒడంబడిక అనుమతి పత్రముల విధానమును తలపెట్టినది. కాలపరిమితి లేనివారు ఒక తరగతి, గడువు తీరగానే మరలిపోవలసినవారు వేరొక తరగతి. గాంధీ మహాత్ముడు దీనిని ఖండించెను. అది పూర్తిగా అమలునకు రాకమునుపే, ఆ డిసెంబరు 23న రంగూనుపై జపానువారి బాంబులు పడినవి.

అంతట లక్షలాది జనము అరకాను కనుమల మీదుగా, తమ్ము దారిని మణిపురము మీదుగా కాలినడకను బయలుదేరిరి. కలరా, ఆకలి వేలమందిని పొట్టబెట్టుకొన్నవి. మూటలే వదలుకొన్న ఆ దారిలో కాగితములను ఎవరు దాచుకొందురు?

అయితే కాగితమునకు అసలు విలువ పిమ్మటనే వచ్చినది. 1948 జనవరి 4న బర్మా స్వతంత్రమయ్యెను. అచ్చటి రాజ్యాంగము ప్రకారము ఇండియాలో పుట్టినవాడు పౌరసత్వము కోరుకొనవలెనన్న, 1942కు గాని స్వాతంత్ర్యదినమునకు గాని ముందటి పదేండ్లలో ఎనిమిదేండ్లు బర్మాలో నివసించియుండవలెను. షరతు న్యాయముగనే కనబడును. కాని మేస్త్రీ పుస్తకములో తప్ప ఎందును పేరెక్కని కూలివాడు, ఆ పుస్తకము యుద్ధములో కాలిపోయినపుడు, ఎనిమిదేండ్లను దేనితో రుజువు పరచును? భారత రాజ్యాంగము 8వ అధికరణము విదేశమందలి భారత సంతతివారికి, రాయబార కార్యాలయమున నమోదై పౌరులగు మార్గము చూపినది. చదువురానివారికి ఆ కబురు చేరుటయే కష్టము. ఇటు అటు కాక నిలిచినవారు విదేశీయులుగా నమోదై పత్రములు తీసికొనవలసివచ్చెను. తల్లిని చూడ స్వగ్రామము వెళ్లినవాడు తిరిగి అడుగిడుటకును అనుమతి కావలెను.

1962 మార్చిలో నేవిన్ సేనాని అధికారము చేపట్టెను. 1964లో దుకాణములు జాతీయమైనవి; ఆ మే నెలలో ఏబది, నూరు చాట్ల నోట్లు రద్దయినవి. తిరుగు ప్రయాణమైనవారు నగలు, నగదు పరిమితికి మించి కొనిపోరాదనిరి. లక్షకు పైగా జనము స్వదేశము చేరిరి. విశాఖపట్టణమున కంచరపాలెము ప్రాంతమందు వారు దిగిన తావునకు బర్మా క్యాంపు అను పేరు నిలిచినది.

అక్కడనే ఉండిపోయినవారును కలరు. 1982 పౌరసత్వ చట్టము 1823కు పూర్వమే ఆ గడ్డపై నుండిన జాతులను ప్రధానముగా గుర్తించి, పౌరులను మూడు తరగతులుగా విభజించినది. మోన్ రాష్ట్రమున నేటికిని తెలుగు కుటుంబములు కలవు. తాతలకు అడుగని పత్రములను మనుమలు చూపవలసియుండెను.