కంభము చెరువు – కౌలు చేను

కంభము చెరువు కట్టమీద నిలిచి చూచినచో మన పూర్వుల దూరదృష్టి తెలియును. కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డముగా ఈ కట్టను విజయనగర కాలమున వరదరాజమ్మ కట్టించెనని ప్రతీతి. 2020లో ఇది అంతర్జాతీయ వారసత్వ నీటిపారుదల కట్టడముగా గుర్తింపు పొందినది.

చెరువు నీటినే గాక ఒండ్రును కూడ ఇచ్చును. వేసవిలో చెరువు మట్టిని, పెంటను బండ్లతో చేలకు తోలుట మనకు పాత వాడుక. మొక్కలు గాలిలోని బొగ్గుపులుసు వాయువునుండి గ్రహించిన కర్బనము ఆకుగా, వేళ్లుగా, పేడగా నేలలో చేరి తేమను నిలుపును. నేడు కర్బన సేద్యమనుచున్నది ఇట్టిదే.

మరి రైతు ఏల వెనుకాడుచున్నాడు? తెలియక కాదు. పశువులు తగ్గి పెంట కరవైనది. వాన తక్కువైన మెట్టలో చొప్ప ఉన్న పశువులకే చాలదు, నేలకేమి మిగులును? అన్నిటికంటె పెద్ద అడ్డంకి కౌలు. నేల సారము పెరుగుటకు ఏండ్లు పట్టును. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము గుర్తించిన గడువో 11 నెలలు! వచ్చే ఏడు ఎవరు దున్నుదురో తెలియని చేనికి ఎరువు తోలువాడెవడు?

2016లో మన రాష్ట్రమున మొదలైన ప్రకృతి సేద్య కార్యక్రమము మహిళా సంఘముల ద్వారా పల్లెలకు చేరినది. తొలకరికి ముందే నవధాన్యములు చల్లి నేలను పచ్చగా ఉంచుట నేర్పినది. ఆకు కొరతకు అది కొంత విరుగుడు. గడువు కొరత తీరవలెనన్న భూమిగల వారును, కౌలుదారులును కూర్చుండి నాలుగైదేండ్లకు మాట వ్రాసికొనవలెను. తరతరముల కొరకు కట్టిన చెరువు నీరు త్రాగుచున్న మనము ఆపాటి ఓర్పు చూపలేమా?